బాగుందండీ అనని కాఫీ కోసం కొల్లేరు దాకా

తాడేపల్లిగూడెంలో పుట్టి, ఆ గూడెంలోనే కాపురం చేస్తూ, రెండు గంటల దూరంలో ఉన్న కొల్లేరును నేను ఇన్నేళ్ళూ చూడలేదంటే ఎవరూ నమ్మరు. చిన్నప్పుడు మంచినీటి సరస్సు అని పుస్తకంలో చదివి, పరీక్షలో రాసి మార్కు తెచ్చుకున్నాను, అంతటితో సరి. ఈ మధ్య మా వీధిలో టీచరుగారొకావిడ అండమాను వెళ్ళొచ్చి, ఓడ మీద రెయిలింగుకి ఆనుకుని పొద్దున్నే కాఫీ తాగుతున్న ఫొటో చూపించింది. ఒకసారి కాదు, మూడుసార్లు. మూడోసారి చూశాక, నీళ్ళ మీద కూర్చుని కాఫీ తాగటం అనే ముచ్చట నేను కూడా తీర్చుకోవాల్సిందే అనిపించింది. అయినా మేం బయలుదేరింది ఆ ఫొటో వల్ల కాదు. కొల్లేట్లో పడవ మీద కాఫీ అమ్మే మరియమ్మ అనే ఆవిడ మా కొట్లో పొడి కొనటం మానేసింది. ఎందుకు మానేసిందో కనుక్కోవటానికి వెళ్ళాం. నా క్రూజు ముచ్చట దాని వెనకాల తోకలా వచ్చింది.

మాది తాడేపల్లిగూడెంలో కాఫీ పొడి కొట్టు. గింజలు తెప్పించి, వేపి, మర పట్టి, అడిగినవాళ్ళకి చికోరీ కలిపి ఇస్తాం. వేపటం మాత్రం ముప్పై ఏళ్ళుగా మావారే. డ్రమ్ము తిరుగుతుంటే పక్కన స్టూలు వేసుకుని కళ్ళు మూసుకుని కూర్చుంటారు. గింజ ముందు తడిసిన గడ్డి వాసన వేస్తుందిట, తరువాత వేపిన శనగల వాసన, ఆ తరువాత ఒక తియ్యటి వాసన. అది రాగానే దించెయ్యాలి. రంగు చూసి దించేవాడు ఇంకా పని నేర్చుకుంటున్నవాడు అనేవారు. అలాంటి మనిషికి పోయిన వర్షాకాలం పది రోజులు జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది గానీ ముక్కు పోయింది. వాసన అనేది తెలియదు. ఏలూరు డాక్టరూ, విజయవాడ డాక్టరూ ఒకే మాట అన్నారు: రావచ్చు, రాకపోవచ్చు. ఈ సంగతి నాకు తప్ప ఇంకెవరికీ తెలియనివ్వలేదు. కాఫీ పొడి షావుకారుకి ముక్కు లేదంటే కొట్టుకి ఎవరు వస్తారు?

ఇక్కడే నేనొకటి ముందుగా ఒప్పుకోవాలి. ఆ జ్వరం తరువాత మా కాఫీ మాడుతోంది. నాకు మొదటి వారంలోనే తెలిసిపోయింది. రోజూ పొద్దున్నే మావారు గ్లాసు నా చేతికిచ్చి "ఎలా ఉందోయ్?" అని అడిగేవారు. రోజూ నేను "బాగుందండీ" అనేదాన్ని. కొట్టుకి వచ్చేవాళ్ళను అడిగినా అదే మాట. మా గోదావరి జిల్లావాళ్ళ సంగతి మీకు తెలియనిదేముంది? విషం పోసినా "బాగుందండీ, పంచదార ఒక్క పిసరు తగ్గిందేమోనండీ" అంటాం. అందరూ బాగుందంటూనే అరకిలో తీసుకునేవాళ్ళు పావుకిలోకి దిగారు, పావుకిలోవాళ్ళు కనిపించటం మానేశారు. ఆయనకేమో జ్వరం తరువాత ఏం తాగినా నోరు చేదుగానే ఉండేది, అందుకని తప్పు నోటిదే అనుకున్నారు.

మరియమ్మ ఒక్కతే తిన్నగా వద్దని చెప్పి మానేసింది. ఆవిణ్ణి మేం ఎప్పుడూ చూడలేదు. వాళ్ళ తమ్ముడు వ్యానులో చేపలు వేసుకుని మా ఉల్లిపాయల మార్కెట్టు మీదుగా వెళ్తాడు. వారానికి అరకిలో పొట్లం కట్టి మార్కెట్లో ఒక కొట్లో ఇచ్చేస్తే, అక్కణ్ణుంచి అతను పట్టుకెళ్ళేవాడు. పదకొండేళ్ళుగా ఇదే వరస. దీపావళి వెళ్ళాక "అక్క ఇంక వద్దందండి" అని ఆ కొట్లో చెప్పిపోయాడు. కారణం చెప్పలేదు. ఆ ముక్క మావారిని ముల్లులా పట్టుకుంది. ఈలోగా తణుకు నుంచి ఒకాయన వచ్చి కొట్టూ మిషన్లూ కలిపి కొనుక్కుంటానన్నాడు. సోమవారంలోగా మాట చెప్పమన్నాడు. మావారు శుక్రవారం రాత్రి భోజనం దగ్గర తేల్చేశారు. "ఆదివారం కొల్లేరు వెళ్దాం. ఆవిడ పొడి బాగాలేకే మానేసిందని తేలితే, సోమవారం ఆయనకి ఇచ్చేస్తాను. ఇంట్లో కూర్చుంటాను." మజ్జిగ తెచ్చే వంకతో నేను లేచిపోయాను.

ఆదివారం నాలుగుంపావుకి గూడెం బస్టాండులో మొదటి బస్సు ఎక్కాం. ఉంగుటూరు, భీమడోలు మీదుగా ఏలూరుకి గంటా పావు పట్టింది. టికెట్టు ఇరవై నాలుగు రూపాయలు. ప్యాసింజరు రైలయితే ఇంకా చవక గానీ, దాన్ని నమ్ముకుంటే సూర్యుడు మనకంటే ముందు చేరతాడు. ఫిబ్రవరి కదా అని శాలువా పట్టుకెళ్ళాను, మంచి పని చేశాను. హైవే మీద మంచు ఎంత దట్టంగా ఉందంటే డ్రైవరు లైట్లు వేసుకుని కూడా మెడ ముందుకు చాచి నడుపుతున్నాడు. ఏలూరు బస్టాండు బయట సత్తిబాబు అనే ఆటో అబ్బాయి దొరికాడు. మరియమ్మ ఉండే కొల్లేటి ఊరు గుడివాకలంక తీసుకెళ్ళి, మేం పడవ దిగేదాకా ఉండి, మళ్ళీ బస్టాండులో దింపటానికి మూడొందలు అడిగాడు. మావారు రెండొందలన్నారు. "మీరు పెద్దవారు, మీరే ఆలోచించండి, రెండున్నర గంటలు ఖాళీగా కూర్చోవాలి కదండీ" అన్నాడు. అంత మెత్తగా అడిగితే ఏం బేరం ఆడతాం? రెండొందల యాభైకి ఒప్పుకున్నాం.

ఏలూరు దాటి దక్షిణంగా దిగితే రోడ్డుకి రెండు పక్కలా వరి, ఆ తరువాత చేపల చెరువులు, ఇంకా ముందుకెళ్తే ఏది చెరువో ఏది కొల్లేరో తెలియని నీళ్ళు. రోడ్డు కొన్ని చోట్ల బాగుంది, కొన్ని చోట్ల నడుం పట్టేసింది. "రెండేళ్ళ కిందట కొల్లేరు లోపలి చేపల చెరువుల గట్లన్నీ గవర్నమెంటువాళ్ళు కొట్టేశారండీ. అప్పట్నించీ పిట్టలు బాగా వస్తున్నాయండీ. మనుషులకే కొంచెం కష్టమైందండీ" అన్నాడు సత్తిబాబు. అటు సంతోషమూ కాదు, ఇటు ఫిర్యాదూ కాదు, అలా చెప్పి ఊరుకున్నాడు. ముప్పావు గంటలో రేవు దగ్గరికి చేర్చాడు. దిగేముందు మావారు నా వైపు వంగి, "మనం ఎవరమో చెప్పకు. చెప్పావా, ఇంకేముంది, ఆవిడా బాగుందండీ అంటుంది" అన్నారు. నేను తలూపాను. నిజానికి దారి పొడుగునా నేను ఆలోచించింది వేరు. ఎలాగైనా ఆయనకంటే ముందు మరియమ్మని పక్కకి పిలిచి, ఆయన అడిగితే మరేదైనా కారణం చెప్పమ్మా అని బతిమాలుకుందామని. మోసమే, కాదనను.

మరియమ్మకి యాభై ఏళ్ళుంటాయి. సన్నగా, చురుగ్గా ఉంది. రేవులో చిన్న పాక ముందు కిరసనాయిలు స్టవ్వు పంపు కొడుతోంది. వాళ్ళాయన యోహాను పడవలో నీళ్ళు తోడేస్తున్నాడు. పొద్దున్న చేపల వేటకి వెళ్ళేవాళ్ళకి గ్లాసు మూడు రూపాయల చొప్పున కాఫీ అమ్ముతుంది. పిట్టల్ని చూడటానికి వచ్చేవాళ్ళను ఇద్దరూ కలిసి పడవలో తిప్పుతారు. మనిషికి డెబ్భై రూపాయలు, గంటన్నర, లోపల కాఫీ దాంట్లోనే. ఆదివారం మాత్రం ఎనిమిదిన్నరకల్లా ఒడ్డుకు చేర్చేస్తారు, చర్చికి వెళ్ళాలి కాబట్టి. నేను చెప్పులు విప్పే వంకతో పాక దగ్గరికి వెళ్ళి "అమ్మా, ఒక్క మాట" అన్నానో లేదో, "ఉండండమ్మా, గ్లాసులు కడుక్కొస్తాను" అని బిందె దగ్గరికి వెళ్ళిపోయింది. తిరిగొచ్చేసరికి మావారు నా పక్కన నిలబడి ఉన్నారు. అంతే, ఆ అవకాశం పోయింది.

పడవ గురించి చెప్పాలి. అండమాను ఓడను మనసులో పెట్టుకుని వచ్చేవాళ్ళు ఒడ్డునే ఉండిపోతే మంచిది. ఇది చెక్క పడవ. కూర్చోవటానికి అడ్డబద్ద మీద మడత పెట్టిన గోనెసంచి. యోహాను వెనక నిలబడి గెడ వేస్తాడు, మరియమ్మ మధ్యలో స్టవ్వు, గిన్నె, డికాక్షను ఫిల్టరు పెట్టుకుని కూర్చుంటుంది. చుట్టూ ఇన్ని నీళ్ళున్నా కాఫీకి మాత్రం ఊళ్ళోంచి టిన్నులో మంచినీళ్ళు తెచ్చుకుంటుంది. కొల్లేటి నీళ్ళతో డికాక్షను దిగదుట. గుర్రపుడెక్క మధ్యలో పడవ వెడల్పునే ఒక దారి, రెండు పక్కలా మనిషెత్తు కిక్కిస గడ్డి. అది దాటాక ఒక్కసారిగా నీళ్ళు విచ్చుకున్నాయి. మంచులోంచి ఎర్రగా సూర్యుడు వచ్చాడు. పెలికాన్లంటారే, ఆ గూడబాతులు గుంపుగా కూర్చుని ఉన్నాయి, ఒక్కొక్కటి మా పొరుగింటి మేకంత ఉంది. మేం దగ్గరికి వెళ్ళినా అవి మమ్మల్ని పట్టించుకోలేదు. నాకు ఎంత ఆనందం వేసిందంటే మేం ఎందుకొచ్చామో కూడా రెండు నిమిషాలు మరిచిపోయాను.

ఏడు దాటాక యోహాను గెడ నేలలో గుచ్చి పడవ ఆపాడు. మరియమ్మ గేదె పాలు పొంగించి, డికాక్షను కలిపి, పైకెత్తి తిరగబోసి, స్టీలు గ్లాసుల్లో ఇచ్చింది. చలిలో ఆ గ్లాసు రెండు చేతులా పట్టుకుంటే ప్రాణం లేచి వచ్చింది. కాఫీ బాగుంది. నిజంగా బాగుంది. ఏడు నెలల తరువాత మాడని కాఫీ తాగానని అప్పుడు తట్టి, వెంటనే మావారి మొహం చూడాలంటే భయం వేసింది. ఆయన రెండు గుక్కలు తాగి, ఏమీ ఎరగనట్టు "పొడి ఎక్కడిదమ్మా?" అని అడిగారు.

"ఏలూరులో కొంటున్నానండి. పర్లేదు గానండి, మనసుకి నచ్చలేదండి. ఇదివరకు గూడెం నుంచి తెప్పించేదాన్నండి. అది కాఫీ అంటే కాఫీయేనండి. మా రేవులో వేటగాళ్ళు దాని కోసమే ముందు ఇక్కడికొచ్చి తరువాత వలల దగ్గరికి వెళ్ళేవాళ్ళండి."

"మరి మానేశావే?"

"ఎందుకులే ఆ మాటలు" అన్నాడు వెనక నుంచి యోహాను.

"చెప్పమ్మా, పర్వాలేదు. మేం వెళ్ళి వాళ్ళతో చెబుతామా ఏమిటి?" అన్నారు మావారు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆయన అబద్ధం ఆడటం అదే మొదటిసారి చూశాను.

మరియమ్మ గిన్నె పక్కన పెట్టింది. "మాడిపోయిందండి. మొదటి పొట్లం మాడితే ఏదో ఒక వాయి తప్పిందిలే అనుకున్నానండి, ఎవరికైనా తప్పుతుంది కదండీ. రెండోదీ అంతేనండి. కొన్నాళ్ళు పాలు ఎక్కువ పోసి సర్దుకున్నాను. ఆఖరిది మరీ బొగ్గండి. మూత తీసి వాసన చూసి మళ్ళీ మూసేశానండి."

"షావుకారుకి కబురు చెయ్యలేకపోయావా?"

"ఏమని చెయ్యనండి? ఆయన్ని నేనెప్పుడూ చూడలేదండి. కానీ పదకొండేళ్ళు ఆయన చేతి పొడి తాగానండి. ఆ చెయ్యి కాదండి ఇది. ఇంకెవరో వేపుతున్నారు. పెద్దాయన పోయారేమో అనుకున్నానండి." చెంగుతో చేతులు తుడుచుకుంది. "మా తమ్ముడితో అడిగిద్దామనుకున్నాను గానండి, నోరు రాలేదండి. అవునని చెబితే వినాలి కదండీ. అందుకే వద్దని కబురు పెట్టేశాను. ఆదివారం ప్రార్థనలో ఆ ఇంటివాళ్ళని తలుచుకుంటున్నానండి, పాపం ఆ అమ్మగారికి ధైర్యం ఇవ్వమని."

ఆ అమ్మగారిని నేనే. నుదుట రూపాయంత బొట్టు పెట్టుకుని, ఆవిడ ఎదురుగా కూర్చుని, ఆవిడ పోసిన కాఫీ తాగుతున్నాను. గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియలేదు. మావారు తన గ్లాసు ఖాళీ చేసి పక్కన పెట్టారు. తరువాత నెమ్మదిగా "పోలేదమ్మా. ఆ వేపింది నేనే" అన్నారు.

మరియమ్మ "అయ్యో ప్రభువా!" అని రెండు చేతులతో మొహం కప్పుకుంది. యోహాను "చెప్పానా! దీని నోరు ఊరుకోదండి" అని గెడ మీద తల ఆనించాడు. ఇద్దరూ కలిసి ఆయన్ని క్షమించమని అడగటం మొదలెట్టారు. ఆయనేమో నవ్వారు. పెద్దగా, భుజాలు ఊగేలా నవ్వారు. పడవ కూడా ఊగింది. "నీకెందుకమ్మా క్షమాపణ? ఊళ్ళో ఇంతమంది తాగుతున్నారు, ఒక్కడూ ఈ మాట చెప్పలేదు. ఇంకా చెప్పు. మాడటం గింజ పైనేనా, లోపల దాకానా? చివర నోట్లో పొగ నిలుస్తోందా?" అని గుచ్చి గుచ్చి అడిగారు. అడిగి అడిగి, ఏడు నెలలుగా ఎవరికీ చెప్పని మాట ఆ పడవలో చెప్పేశారు. "జ్వరం వచ్చి నా ముక్కు పోయిందమ్మా. నాకు వాసన తెలియదు."

మరియమ్మ ఆయన వంక జాలిగా చూసి, ఏ కల్మషమూ లేకుండా అడిగింది. "మరి అమ్మగారికి తెలుస్తుంది కదండీ?"

ముగ్గురూ నా వైపు చూశారు. దూకేద్దామంటే నీళ్ళు మోకాలి లోతు కూడా లేవు.

"నీకు తెలుసా?" అన్నారు మావారు.

"తెలుసండి."

"ఎప్పట్నించి?"

"శ్రావణం నుంచీనండి."

"రోజూ అడుగుతూనే ఉన్నాను కదోయ్."

"అడిగారండి." నాకు ఏడుపొచ్చేసింది. కొత్త మనుషుల ముందు అని కూడా చూడలేదు. "ముక్కు పోయిందని మీరు రాత్రింబవళ్ళు కుమిలిపోతుంటే, చేతిలో పనీ పోయిందని నా నోటితో ఎలా చెప్పనండీ? ఇవాళ వస్తుంది, రేపు వస్తుంది అని ఊరుకున్నాను."

ఆయనకి కోపం వచ్చింది. కేకలు వెయ్యలేదు, ఆయనకి ఆ అలవాటు లేదు. "ఊళ్ళోవాళ్ళంటే మర్యాద. నువ్వు నాతో మర్యాదేమిటి?" అన్నారంతే. ఆ మాట నాకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. ఇది రాస్తుంటే ఇప్పుడు కూడా తగులుతోంది.

తిరుగు దారి పట్టాం. యోహాను మా మీద జాలిపడి ఎర్రకాళ్ళ కొంగల్ని చూపించాడు, అవి దేశాలు దాటి వస్తాయని చెప్పాడు. నేను చూశాననే అన్నాను గానీ ఏమీ చూడలేదు. మావారు మాత్రం వేళ్ళతో ఏదో లెక్క కడుతున్నట్టు మోకాలి మీద తట్టుకుంటూ, కిక్కిస గడ్డి దగ్గరికి వచ్చాక తనలో తాను అనుకున్నారు. "అదన్నమాట సంగతి. తియ్యటి వాసన వచ్చాక దించాలని కూర్చుంటున్నాను. అది నాకు రాదు. రాలేదు కదా అని ఇంకొంచెం, ఇంకొంచెం తిప్పుతున్నాను. గింజలు నల్లబడటం కంటికి కనిపిస్తూనే ఉంది, కన్ను చెబితే నమ్మలేదు." తరువాత నా వైపు తిరిగారు. "రేపు పొద్దున్న ఒక వాయి వేస్తాను. నువ్వు పక్కన కూర్చో. దించమన్నప్పుడు దించుతాను."

"నాకేం తెలుసండీ? ఆ గదిలోకి నన్నెప్పుడు రానిచ్చారని?" అన్నాను. నిజమే, తలనూనె వాసన, పూల వాసన కలుస్తాయని ఆ గడప దాటనిచ్చేవారు కాదు.

"మాడిందని తెలిసినదానివి, మాడబోతోందని తెలుసుకోలేవా?" అన్నారు. మరియమ్మ నా మోచెయ్యి పట్టుకుని "తెలుస్తుందండి, ఎందుకు తెలియదండి" అంది.

ఎనిమిదీ ఇరవైకి రేవులో దిగాం. పడవ డబ్బులిస్తే మరియమ్మ తీసుకోనంది. మావారు యోహాను జేబులో పెట్టేశారు. మరియమ్మ వద్దు వద్దంటూనే పాకలోకి వెళ్ళి ఎండు రొయ్యలు పొట్లం కట్టబోయింది. మేం రొయ్యలు తినం అని చెబితే నాలుక కరుచుకుని నవ్వింది. ఆటో ఎక్కేముందు మావారు సెల్లు తీసి, గట్టు మీద నాలుగడుగులు అటూ ఇటూ తిరిగి సిగ్నలు దొరికించుకుని, తణుకు ఆయనకి ఫోను చేశారు. "నమస్కారమండీ. అదేనండీ, కొట్టు సంగతి. ఇవ్వటం లేదండీ. ఏమీ అనుకోకండీ. లేదండీ, రేటు గురించి కాదండీ. పని ఉందండీ." అంతే మాట్లాడి పెట్టేశారు. నేను ఆటోలో కూర్చుని శాలువా చాటున ఇంకోసారి ఏడ్చాను. ఈసారిది వేరే ఏడుపు.

ఏలూరు బస్టాండు దగ్గర చిన్న హోటల్లో పెసరట్టు ఉప్మా తిన్నాం, ప్లేటు పదిహేను రూపాయలు. అల్లం పచ్చడి ఘాటుకి మావారి కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. ఘాటు తెలుస్తోందని ఆయన ముచ్చటపడ్డారు. హోటలాయన వచ్చి "ఎలా ఉందండీ?" అంటే నేను నోరు తెరిచేలోపే మావారు "పచ్చడి బ్రహ్మాండం. అట్టు సరిగా కాలలేదండీ" అన్నారు. ఆయన ఒక్క క్షణం బిత్తరపోయి, ప్లేటు పట్టుకెళ్ళి ఎర్రగా కాల్చి తెచ్చాడు. పదిన్నర బస్సు ఎక్కి పన్నెండు దాటకుండా ఇంట్లో ఉన్నాం. ఇద్దరికీ కలిపి మొత్తం ఖర్చు ఐదు వందల ఇరవై లోపే అయింది. పిల్లలతో వెళ్ళేవాళ్ళు టోపీలు, బిస్కెట్లు తీసుకెళ్ళండి. రేవులో కాఫీ తప్ప ఇంకేమీ దొరకదు.

ఇది జరిగి ఆరు వారాలైంది. వేపుడు గదిలో ఇప్పుడు రెండు స్టూళ్ళున్నాయి. మొదటి వాయి నేను భయపడి ముందే దించమన్నాను. రెండోది ఫరవాలేదు. మూడోదాంట్లో ఆ తియ్యటి వాసన నాకు నిజంగానే తెలిసింది. "ఇప్పుడండీ!" అని అరిచాను. ఆయన కళ్ళు మూసుకునే ఉన్నారు, వెంటనే దించేశారు. ఆ వాసన ఎలా ఉందో చెప్పమని అడిగారు. నాకు చేతనైనట్టు చెప్పాను. పాత బేరగాళ్ళు కొందరు తిరిగి వచ్చారు, కొందరు రాలేదు. ముక్కు ఇంకా రాలేదు, ఇంక వస్తుందని ఎదురుచూడటం కూడా తగ్గించాం. మరియమ్మకి పొట్లం మళ్ళీ వెళుతోంది. పోయిన శనివారం యోహాను ఫోను నుంచి ఆవిడే మాట్లాడింది. "షావుకారుగారండీ, ఈసారిది కొంచెం పచ్చిగా ఉందండీ." ముప్పై ఏళ్ళలో మా కొట్టుకి వచ్చిన మొదటి ఫిర్యాదు అది. మావారు ఆ పూటంతా వచ్చినవాళ్ళందరికీ అది చెప్పుకుని మురిసిపోయారు. పచ్చిగా దించమన్నది నేను కాబట్టి నన్ను చూపించి మరీ చెప్పారు.

కొల్లేరు వెళ్ళేవాళ్ళకి నేను చెప్పే సలహా ఒక్కటే. నవంబరు నుంచి ఫిబ్రవరి లోపల, సూర్యుడు రాకముందే రేవులో ఉండండి. పడవ మధ్యలో ఆపి మరియమ్మ కాఫీ ఇచ్చి "ఎలా ఉందండీ?" అని అడుగుతుంది. అలవాటు కొద్దీ బాగుందండీ అనెయ్యకండి. ఒక గుక్క తాగి, ఆలోచించి, ఉన్నది చెప్పండి. బాగాలేకపోతే మళ్ళీ కలిపి ఇస్తుంది, దానికి డబ్బులు తీసుకోదు. ఆ పొడి మాది. ఆవిడకి మీరు చెబితే, మాకు ఆవిడ చెబుతుంది.